రెండు ముద్దలు

తిరుపాలు దిగులంతా ఒక్కటే. సామి కంచం నిండుగా తిరిగొస్తోంది.

కాశయ్య సామి ఆశ్రమం పలకల గనులు దాటాక కొండవాలులో ఉండేది. ఆశ్రమమంటే పెద్దదేం కాదు. నాపరాళ్లు పరిచిన వసారా, వెనక వంటకొట్టం, పక్కన సామి పడుకునే గది. ఆయన ఉపన్యాసాలు ఇచ్చేవాడు కాదు. ఎవరన్నా వచ్చి కష్టం చెప్పుకుంటే వినేవాడు. అంతా విన్నాక ఒకటో రెండో మాటలు అనేవాడు. గనుల్లో రాయి కొట్టేవాళ్లు, మిరపచేలకు కూలికి పోయేవాళ్లు ఆ మాటల కోసమే కొండెక్కేవాళ్లు.

వచ్చినవాళ్లకు అన్నం వండి పెట్టేది తిరుపాలు. భార్య పోయాక ఇల్లు వదిలి వచ్చి సామి దగ్గర చేరాడు. వంట, పక్క, స్నానానికి వేన్నీళ్లు, అన్నీ అతనే చూసేవాడు. అతని చేతి వంటంటే సామికి ఇష్టం. పప్పులో పోపు చిటపటలాడుతుంటే వసారాలోంచి, "ఏందిరా ఇయ్యాల?" అని కేకేసి అడిగేవాడు.

ఇప్పుడు ఆ కేక లేదు.

తిరుపాలు ముందు తన వంటనే అనుమానించాడు. కారం తగ్గించాడు. గోంగూర మానేశాడు. కొర్రన్నం వండాడు, రాగిజావ కాచాడు, పెసరకట్టు చేశాడు. ఏది పెట్టినా అంతే.

"కుదర్లేదా సామీ?"

"బాగుందిరా. రెండు ముద్దలకే నిండిపోతోంది." సామి పొట్టమీద చెయ్యేసుకుని కంచం పక్కకు జరిపేవాడు.

తిరుపాలు ఈ దిగులు ఎవరితోనూ అనలేదు. ఒకనాడు బట్టల కొట్టు పుల్లయ్య వచ్చాడు. పుల్లయ్యకు ఊళ్లో పెద్ద కొట్టుంది, పురాణాలు బాగా విన్నవాడని పేరుంది. ఆశ్రమానికి బియ్యం, బెల్లం అతనే పంపుతుంటాడు. కడగడానికి తీసుకుపోతున్న కంచం చూసి ఏమిటని అడిగితే తిరుపాలు ఉన్న సంగతి చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

పుల్లయ్య నవ్వాడు. "ఓరి పిచ్చోడా, ఏడుస్తావేందిరా! ఆకలిని గెలవడమంటే ఇదే. యోగుల్లో కూడా ఏ ఒక్కరికో పట్టుబడుతుంది. నీ కళ్లముందు జరుగుతుంటే నీకు తెలీలేదు."

ఆ మాట తిరుపాలుకు పానకంలా దిగింది. అన్నాళ్లూ గుండెలో రాయిలా ఉన్న భయం కాస్తా కిరీటమై నెత్తిమీద కూర్చుంది.

ఆ తర్వాత అతనికి అన్నీ అట్లాగే కనిపించాయి. సామి బక్కచిక్కుతుంటే తపస్సు అన్నాడు. నెత్తురు లేక ఒళ్లు పాలిపోతుంటే తేజస్సు అన్నాడు. ఒకరోజు నూనె రుద్దుతుంటే ఎడమవైపు మెడ కింద, ఎముక పైన, కుంకుడు గింజంత గట్టి ముడి వేలికి తగిలింది. "ప్రాణం పైకి లేచి అక్కడ ముడిపడింది" అని వచ్చినవాళ్లతో గుసగుసగా చెప్పాడు. అబద్ధం చెబుతున్నానని అతననుకోలేదు. నమ్మే చెప్పాడు.

జనం పెరిగారు. సామి భోజనం వేళకు వచ్చి వసారాలో కూర్చుని, ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటుంటే దండాలు పెట్టేవాళ్లు. మిగిలిన అన్నం తలా ఇంత కళ్లకద్దుకుని తినేవాళ్లు. పంచిపెట్టేది తిరుపాలే.

"ఏందిరా, ఈమధ్య జనం నా మొహం కంటే నా కంచాన్ని ఎక్కువ చూస్తున్నారు?" అని సామి ఒకసారి అడిగాడు.

"మీమీద భక్తి సామీ."

సామి అతని మొహంలోకి కాసేపు చూశాడు.

మిరపకోతల ముందు ఓబులమ్మ వచ్చింది. ఆమె పలకల షెడ్డులో పనిచేస్తుంది. గీతలు పడకుండా పలకలు అరగదీసే పని. భర్త లేడు. కూతురికి పెళ్లి చేసి పంపింది. ఎప్పుడొచ్చినా వసారా ఊడ్చి, వంటకొట్టంలో గిన్నెలు తోమి పోయేది. ఆ రోజు మాత్రం గడప దగ్గరే కూలబడింది.

"అన్నా, నాకూ సామికి అయినట్టే అవుతోందన్నా. రెండు ముద్దలు తింటే చాలు, గొంతుదాకా నిండినట్టుంటోంది. ఇక్కడ, గుండెకింద, మంట. గ్యాసు మాత్రలు మింగి మింగి విసుగొచ్చింది. మన డాక్టరేమో పట్నం పొమ్మని చీటీ రాసిచ్చాడు. గొంతులో గొట్టమేసి చూస్తారంట. నాకు భయంగా ఉంది. పోవాల్నా?"

తిరుపాలు పచ్చడి నూరుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "నీకెందుకమ్మా గొట్టాలు? సామి చూపు నీమీద పడింది. అందరికీ దొరుకుతుందా అది?"

ఓబులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"రాళ్లల్లో పుట్టి రాళ్లల్లో బతికినదాన్ని. నా మీద కూడా పడుద్దా అన్నా, సామి చూపు?"

"పడింది కాబట్టే గదా."

ఆమె చీటీ మడిచి రవికలో పెట్టుకుని, గిన్నెలన్నీ తోమి, నవ్వుకుంటూ కొండ దిగింది.

కోతలు అయిపోయాయి. ఎండలు ముదిరాయి. కొండమీద గడ్డి ఎర్రబడింది. అప్పుడు మళ్లీ వచ్చింది ఓబులమ్మ. తిరుపాలు మొదట గుర్తుపట్టలేదు. రవిక భుజాలమీంచి జారిపోతోంది. దవడ ఎముకలు పొడుచుకొచ్చాయి. ఈసారి వంటకొట్టంవైపు రాకుండా నేరుగా సామి మంచం దగ్గరికెళ్లి కాళ్లు పట్టుకుంది. తిరుపాలు పక్కనే విసనకర్రతో విసురుతున్నాడు.

"ఏందమ్మా ఇట్లా అయిపోయావు?" అన్నాడు సామి.

"అంతా మీ చూపే సామీ. నాకూ ఆకలి పోయింది. మీ దయ. కాకపోతే మీ అంత ఓర్పు లేదు నాకు. మధ్యమధ్యలో నొప్పికి అరుస్తన్నా. అదేమన్నా తప్పా సామీ? అరిస్తే దయ పోతుందా?"

సామి నెమ్మదిగా లేచి కూర్చున్నాడు.

"నా చూపని ఎవరు చెప్పారు తల్లీ?"

ఓబులమ్మ తిరుపాలువైపు చూసింది. సామి మాత్రం అటు చూడలేదు. ఆమెనే అడిగాడు.

"తిన్నది కక్కుతున్నావా?"

"అప్పుడప్పుడు."

"సిగ్గుపడకుండా చెప్పు. దొడ్డికి ఎట్లా అవుతోంది? నల్లగా, తారులాగా పడుతోందా?"

ఆమె కొంగులో మొహం దాచుకుని తలూపింది.

"నాకూ అంతే తల్లీ" అన్నాడు సామి.

తిరుపాలు చేతిలో విసనకర్ర ఆగిపోయింది. సామి చెంబు పట్టుకుని గుట్ట అవతలికి ఒంటరిగా పోవడం అతను రోజూ చూస్తున్నదే.

"అన్నం పెట్టుకు రారా" అన్నాడు సామి.

తిరుపాలు కంచంలో అన్నం, చారు పెట్టుకొచ్చాడు. సామి రెండు ముద్దలు తిన్నాడు. ఎప్పటిలా కంచం జరుపుతాడని తిరుపాలు చెయ్యి చాచాడు.

"ఉండు. ఇంకో ముద్ద నీ చేత్తో పెట్టు."

పెట్టాడు. సామి కళ్లు మూసుకుని నమిలి మింగాడు.

"ఇంకోటి."

"సామీ..."

"పెట్టరా."

ఆ ముద్ద మింగేటప్పటికి సామి నుదుటిమీద చెమటలు పోశాయి. మంచంకోడు గట్టిగా పట్టుకున్నాడు. "దోసిలి పట్టు" అన్నాడు.

తిరుపాలు దోసిలి పట్టాడు. ప్రసాదానికి పట్టినట్టే పట్టాడు. సామి ముందుకు వంగి అందులో కక్కాడు. ఇప్పుడు తిన్న అన్నం, నిన్న తిన్న అన్నం, వాటితోపాటు మాడిన కాఫీపొడిలాంటి నల్లటి నలుసులు. వేళ్ల సందుల్లోంచి జారి ముంజేతులమీదుగా కారాయి. తిరుపాలు కదల్లేదు. కదలడం చేతకాలేదు.

సామి ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"ఏందిరా అది?"

తిరుపాలు తన దోసిలివైపు చూశాడు.

"నాకూ తెలీదు" అన్నాడు సామి. "తెలిసినోళ్ల దగ్గరికి పోదాం పద. ఈ తల్లినీ తీసుకుపోదాం."

పట్నంలో పెద్దాసుపత్రిలో సామి అందరితోపాటు వరుసలో నిలబడ్డాడు. నిలబడలేక గోడకు జారగిలబడ్డాడు. ఒకాయన గుర్తుపట్టి ముందుకు పొమ్మంటే, "ఇక్కడున్నోళ్లందరికీ కడుపులే గదయ్యా" అని కదల్లేదు. గొట్టం పరీక్షకు ముందు ఓబులమ్మ వణుకుతుంటే తాను ముందెళ్లాడు. బయటికొచ్చాక ఆమెతో, "వాంతొచ్చినట్టుంటుంది. కాసేపే. ఊపిరి ముక్కుతో తీసుకో" అని చెప్పాడు. ఇద్దరి కడుపుల్లోంచీ చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. స్కానింగ్ చేశారు. అవన్నీ తేలేదాకా ముగ్గురూ ఆసుపత్రి ఎదురుగా ఉన్న సత్రంలో ఉన్నారు.

డాక్టరు పేరు షంషాద్ బేగం. నడివయసు మనిషి. తక్కువ మాట్లాడుతుంది. ఫలితాలు వచ్చిన రోజు సామిని లోపలికి పిలిచి, "మీవాళ్లెవరు?" అని అడిగింది.

"వీడే. అన్నీ వీడికి చెప్పమ్మా. నా కడుపు సంగతి లోకానికి చెప్పేది వీడే" అన్నాడు సామి. ఎత్తిపొడుపు లేకుండానే అన్నాడు. తిరుపాలు తల వంచుకున్నాడు.

డాక్టరమ్మ తిరుపాలువైపు తిరిగింది.

"కడుపు సంచిలాంటిది. ఖాళీగా ఉన్నప్పుడు ముడుచుకుని ఉంటుంది. అన్నం లోపలికొస్తే సాగి చోటిస్తుంది. ఈయనకొచ్చింది కడుపులో క్యాన్సరు. కొందరిలో అది పుండులా, గడ్డలా పైకి లేస్తుంది. ఈయనలో అట్లా లేవకుండా గోడ లోపల్లోపలే పాకింది. గోడంతా తోలులా బిగుసుకుపోయింది. ఇక సాగదు. అందుకే రెండు ముద్దలు పడగానే నిండినట్టుంటుంది. లోపల నెత్తురు కారుతోంది. అందుకే ఆ పాలిపోవడం. మెడ దగ్గర చూడండి, ఈ గడ్డ. జబ్బు కడుపు దాటి అక్కడిదాకా వచ్చింది. పొట్టలో నీరు కూడా చేరింది."

ఒక్కో మాటా వింటుంటే తిరుపాలుకు ఒక్కో కథ గుర్తుకొచ్చింది. తేజస్సు. ప్రాణం ముడి. ఆ కథలన్నీ వసారాలో నిలబడి చెప్పింది తనే.

"కోసి తీసెయ్యలేరా అమ్మా?"

"ఈయనకు లేదు. దాటిపోయింది. నొప్పి తగ్గించగలం. నీరు తీయగలం. కొన్నాళ్లు."

తిరుపాలు అడిగాడు. "మరి... ఆకలి? ఆకలి ఉండదు గదా అమ్మా ఈ జబ్బులో?"

"కొందరికి పోతుంది. కొందరికి ఉంటుంది. నన్నడుగుతారేం? ఆయన ఇక్కడే ఉన్నారు, అడగండి."

తిరుపాలు సామివైపు తిరిగాడు. అన్ని నెలల్లో ఆ ఒక్క మాటా తాను అడగలేదని అప్పుడు తెలిసింది.

"ఆకలేస్తుందా సామీ?"

"వేస్తుందిరా. పొద్దున్నే నీ పోపు వాసనొస్తే ప్రాణం లేచొస్తుంది." సామి నెమ్మదిగా చెప్పాడు. "ఆకలి పోలేదు. చోటు పోయింది."

తిరుపాలు డాక్టరమ్మవైపు తిరిగాడు. "ఏ పాపం చేశాడని తల్లీ సామికి ఇది?" అన్నాడు.

"ఎవరికి ఎందుకొస్తుందో అన్నిసార్లూ చెప్పలేం" అంది డాక్టరమ్మ. "కడుపులో ఏళ్లతరబడి కాపురముండే ఒక సూక్ష్మజీవి ఉంది, కొందరికి దానివల్ల పుండు పడి ముదురుతుంది. ఉప్పులో ఊరిన తిండి ఎక్కువైతే, పొగ తాగితే ప్రమాదం పెరుగుతుంది. కొన్ని కుటుంబాల్లో నెత్తుట్లోనే వస్తుంది. ఇవేవీ లేనివాళ్లకూ వస్తుంది. అంటుకునే జబ్బు కాదు. పాపానికీ దీనికీ సంబంధం లేదు." కాగితాలు సర్దింది. "పుణ్యానికి కూడా."

తర్వాత ఓబులమ్మను పిలిచింది. ఆమెదీ అదే జబ్బు. కానీ పుండులా ఒకచోటే ఉంది. చుట్టుపక్కల బిళ్లలకు, అంటే చిన్న చిన్న గ్రంథులకు, తగులుకున్నట్టుంది గానీ దూరం పోలేదు. ముందు మందు ఎక్కించి, ఆ తర్వాత కోసి తీస్తామని చెప్పింది. చెబుతూ చెబుతూ ఓబులమ్మ రవికలోంచి తీసిచ్చిన చీటీ విప్పింది. చెమటకు తడిసి ఆరి, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"మీ డాక్టరు ఎప్పుడో రాశాడమ్మా ఇది. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?"

"కోతలమ్మా" అంది ఓబులమ్మ. "పన్లు. కుదర్లా."

తిరుపాలు గోడపక్క నిలబడి ఉన్నాడు. ఆమె అతనివైపు చూడనుకూడా లేదు.

"నేనే వద్దన్నాను" అన్నాడు.

డాక్టరమ్మ తలెత్తింది. "ఎందుకు?"

తిరుపాలు చీటీవైపు చూశాడు. "అప్పుడే వచ్చుంటే?" అని అడిగాడు.

"మొదట్లోనే దొరికితే బతికి బట్టకట్టేవాళ్లు చాలా ఎక్కువ. ఈమె సంగతి ఎట్లా ఉండేదో చెప్పలేను. నేనే కాదు, ఎవరూ చెప్పలేరు."

ఆ మాట తిరుపాలు వెంట కొండదాకా వచ్చింది.

ఆశ్రమం దగ్గర జనం ఎదురుచూస్తున్నారు. పుల్లయ్య పూలదండ తెచ్చాడు. సామి భోజనం ఎప్పుడని ఎవరో అడుగుతున్నారు. తిరుపాలు సామిని గదిలో పడుకోబెట్టి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"వీళ్లకు చెప్పొద్దు సామీ."

"నేనెందుకు చెప్తాను?" అన్నాడు సామి. "ఆ కథ నేను చెప్పింది కాదు. నువ్వు చెప్పిందే. మిగతాది కూడా నువ్వే చెప్పు."

"నన్ను కొడతారు."

"కొట్టొచ్చు."

తిరుపాలు లేచి వసారాలోకి వెళ్లాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో తన చేత్తో పెట్టిన మెతుకులు తిన్నవాళ్లే అందరూ. ఎట్లా మొదలుపెట్టాలో తెలీక ఉన్నదున్నట్టు మొదలుపెట్టాడు.

"సామికి కడుపులో క్యాన్సరు. ఆకలిని గెలవలేదు. తినలేక మానేశాడు. మీకు నేను చెప్పినవన్నీ జబ్బు లక్షణాలు. తేజస్సు కాదది, నెత్తురు లేకపోవడం. నాకు తెలీదు. తెలీకుండానే చెప్పాను."

మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత గోల లేచింది. పుల్లయ్య దండ నేలకేసి కొట్టి, "గురువును రోగిష్టివాడంటావా! నీ నోట్లో పురుగులు పడ" అన్నాడు. ఒకావిడ మట్టి తీసి అతనిమీద పోసింది. సామి పెట్టిన పరీక్షే ఇదని కొందరు, సామి శక్తి పోయిందని కొందరు వాదులాడుకుంటూ కొండ దిగారు. గనిపని చేసే ఒకాయన మాత్రం అందరూ పోయేదాకా ఆగి తిరుపాలు దగ్గరికొచ్చాడు.

"సామికి పరీక్ష ఎక్కడ చేశారు?" అని మెల్లగా అడిగాడు. "మా తమ్ముడు సంకటి ముట్టడంలా."

తిరుపాలు చెప్పాడు. ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఎవరిని అడగాలో అన్నీ చెప్పాడు.

మర్నాడు సామి కాళ్లు పడుతూ, "దీనికి ప్రాయశ్చిత్తం ఏంది సామీ?" అన్నాడు. "కాశీకి పొమ్మంటే పోతా. అన్నం మానమంటే మానతా."

"అన్నం మానతావా?" సామి నవ్వబోయాడు, నొప్పి వచ్చి ఆగిపోయాడు. "నువ్వొక్కడివే కాదులేరా. జనం వంగి వంగి దండాలు పెడుతుంటే నాకూ తియ్యగానే ఉండింది. నల్లగా పడుతోందని తెలిసీ నోరు మూసుకున్నా. నువ్వు మాట్లాడి చేశావు, నేను మాట్లాడక చేశా." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఆ తల్లికి మందు ఎక్కించేది ఎప్పుడు?"

"వచ్చే సోమవారం సామీ."

"తోడుపో."

తిరుపాలు తోడుపోయాడు. ఆ సోమవారమే కాదు, ప్రతిసారీ పోయాడు. అప్పుడు సామి దగ్గర, అత్తింటి నుంచి వచ్చిన ఓబులమ్మ కూతురు ఉండేది. బస్సులో ఓబులమ్మ కిటికీ పక్కన కూర్చునేది, తిరుపాలు వాంతొస్తే పట్టడానికి కవరు పట్టుకుని పక్కన. మందు నరంలోకి ఎక్కుతుంటే ఆమె చేతులు చల్లబడేవి. జుట్టు పిడికిళ్లతో ఊడింది. నోరంతా పూసి నీళ్లు కూడా మంటపుట్టేవి. అతను మజ్జిగ పలచన చేసి చెంచాతో పోసేవాడు.

ఒకసారి తిరుగు బస్సులో ఉండబట్టలేక అన్నాడు. "నన్ను తిట్టమ్మా. కడుపారా తిట్టు."

ఓబులమ్మ కళ్లు తెరవలేదు.

"తిట్టడానికి ఓపిక ఏదన్నా. నీళ్లియ్యి."

నీళ్లిచ్చాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

వానలు పడ్డాక ఆమెకు ఆపరేషన్ చేశారు. కడుపు ముప్పాతిక భాగం తీసేసి, మిగిలిన ముక్కను పేగుకు కలిపారు. లోపల అనుకున్నదానికంటే ఎక్కువ బిళ్లలకు తగులుకుని ఉందని షంషాద్ డాక్టరమ్మ చెప్పింది. చెయ్యగలిగింది చేశామంది. మళ్లీ మందు ఎక్కించాలంది. మళ్లీ వస్తుందో రాదో ఏళ్లు గడిస్తేనే తెలుస్తుందంది. తిరుపాలు అన్నీ విన్నాడు. ఈసారి దేనికీ అర్థం చెప్పుకోలేదు. ఆమె గంటగంటకూ పిట్టలాగా ఇంత ఇంత తినాలని చెబితే, ఎంత, ఎట్లా, ఏది అని అడిగి తెలుసుకున్నాడు.

ఆమె లేచి నాలుగడుగులు వేసే నాటికి సామి మంచానికి అతుక్కుపోయాడు. పొట్టలో నీరు తీయించిన కొన్నాళ్లకే మళ్లీ నిండేది. చేతులూ కాళ్లూ పుల్లలు, మధ్యలో పొట్ట కుండలాగా. చెంచా నీళ్లు కూడా నిలవడం లేదు. నొప్పికి డాక్టరమ్మ మార్ఫిన్ మాత్రలు రాసిచ్చింది. ఎప్పుడెప్పుడు వెయ్యాలో తిరుపాలుకు చెప్పింది. మధ్యలో నొప్పి లేస్తే అదనంగా ఒకటి వెయ్యమంది. మింగలేకపోతే పొడిచేసి, రెండు చుక్కల నీళ్లలో కలిపి నాలుక కింద పెట్టమంది.

సామి పోతున్నాడన్న మాట గనుల్లోకి, చేలల్లోకి పాకింది. తిట్టిపోయినవాళ్లు కూడా కొండెక్కారు. వసారా నిండింది. గది నిండింది. పుల్లయ్య చేతులు జోడించుకుని తల దగ్గర నిలబడ్డాడు. ఓబులమ్మ తలకు గుడ్డ చుట్టుకుని గోడకానుకుని కూర్చుంది. తిరుపాలు కాళ్ల దగ్గర ఉన్నాడు.

"సామీ," పుల్లయ్య వంగాడు. "ఇన్నేళ్లు మీ నీడన బతికాం. పోయేముందు మాకు ఒక్క మాట చెప్పి పోండి. మా బతుకంతా పట్టుకుని వేలాడేలాగా ఒక్క మాట."

సామి పెదాలు కదిలాయి. గదిలో అలికిడి ఆగిపోయింది. వెనకున్నవాళ్లు మునివేళ్లమీద లేచారు. పుల్లయ్య చెవిని సామి నోటి దగ్గర పెట్టాడు.

"నొప్పి" అన్నాడు సామి.

పుల్లయ్య మెల్లగా తలెత్తాడు. అతని కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. జనంవైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు.

"విన్నారా? నొప్పి అన్నారు సామి. పుట్టుకే నొప్పి. ఈ బంధాలన్నీ నొప్పి. ఈ ఒక్క మాటలో..."

గది మూలలో తిరుపాలు అప్పటికే మాత్ర నలగ్గొడుతున్నాడు.